ఏ చుక్కకు?

మేస్త్రి పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో దవాఖానా గేటు బయట, మా జీపు వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరులో గాలి చూస్తున్నాను. "ఆయన అయిపోయిండు బిడ్డా, పైకి రా" అంది. అంతే. నేను గాలి చూడటం పూర్తి చేసి, వాల్వు మూత బిగించి, అప్పుడు లేచాను. మూత బిగించకుండా వదిలేస్తే తిట్టే మనిషి ఇక లేడని అప్పటికింకా చేతులకు తెలియలేదు.

ఇల్లందు నుంచి టేకులపల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. ఆయన ఉన్నది అక్కడే. మా ఇంటికి మూడిళ్ల అవతల. ముప్పై ఏళ్లు బొగ్గు గని వర్క్‌షాపులో పనిచేసి, రిటైరయ్యాక ఈ షెడ్డు వేసుకున్నాడు. ఊరందరికీ మేస్త్రి. చుట్టరికం లేకపోయినా నాకు మామ. ఆయన భార్య నాకు అత్తమ్మ.

ఆయన మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ సంగతి వచ్చినవాళ్లంతా తొమ్మిది రోజుల పాటు చెప్పుకున్నారు. ఆయన నన్ను చివరగా ఒక ప్రశ్న అడిగాడు. రెండే మాటల ప్రశ్న. దానికి జవాబు నాకు ఆయన పోయిన తొమ్మిదో రోజున దొరికింది. ఆయనకు చెప్పే వీలు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బండి రిపేరుకు వస్తే మేస్త్రి ముందుగా బానెట్ ఎత్తేవాడు కాదు. చెప్పులు విప్పి, వెనక సీట్లో కూర్చుని, "పోనియ్యి" అనేవాడు. ఒట్టి పాదాలు నేలకు ఆనించి, ఒక అరచెయ్యి కూడా కింద రేకు మీద పెట్టి కళ్లు మూసుకునేవాడు. రెండు కిలోమీటర్లు పోయి వచ్చేసరికి రోగం చెప్పేవాడు. ముందు సీట్లో ఎందుకు కూర్చోవని ఒకసారి అడిగాను. "డ్రైవర్ సీట్ల కూసున్నోనికి బండి అబద్ధం చెప్తది పిల్లా. ఆనికి తొవ్వ మీద ధ్యాస ఉంటది గదా" అన్నాడు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చిన కొత్త రోజులు. నవ్వొచ్చింది.

హైదరాబాద్‌లో ఏడాదిలో రెండు ఉద్యోగాలు చేసి రెండూ వదిలేసి ఇంటికొచ్చాను. ఎందుకు వదిలేశావని అడిగిన వాళ్లకు తలా ఒక కారణం చెప్పాను. మేస్త్రి మాత్రం అడగలేదు. "వచ్చినవా, మంచిగైంది. ఆ పదమూడు నంబర్ పాన ఇటియ్యి" అన్నాడు.

మా నాన్న గని పని మానేశాక ఒక పాత జీపు కొన్నాడు. వాగు అవతలి గూడేలకూ రోడ్డుకూ మధ్య మనుషుల్నీ, బియ్యం బస్తాల్నీ తిప్పేవాడు. చూపు మందగించడంతో స్టీరింగ్ నాకొచ్చింది. మొదటి వానాకాలంలోనే వాగు మధ్యలో గేర్‌బాక్సు అడుగు బండకు తట్టుకుని జీపు ఆగిపోయింది. వెనక సీట్లో కాన్పు నొప్పులు పడుతున్న మనిషి ఉంది. ఆమె తల్లి కోయ భాషలో ఏదో అంటూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థమంతా అర్థమైంది. గూడెం మగవాళ్లు వచ్చి జీపును చేతులతో ఎత్తి దాటించారు. బిడ్డ దక్కింది. కానీ ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. బండిని లేపాలి. నాలుగు అంగుళాలు లేపాలి, ఇంకే బండకూ తగలకూడదు.

వీడియోలు చూశాను, బొమ్మలు గీశాను, ఎండాకాలంలో కాగితాలు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మేస్త్రి కాగితాలు తిప్పి తిప్పి చూసి, వాటి మీద టీ గ్లాసు పెట్టాడు.

"నాలుగు అంగులాలు లేపితే బండి లేస్తది. షాఫ్ట్ ఏడికి పోవాలె ఇంజనీరమ్మా?"

షాఫ్ట్ సంగతి నాకు తెలియక కాదు. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే పొడవాటి గొట్టం అది. రెండు చివర్లా వంగడానికి వీలుగా క్రాసులుంటాయి. బండి ఎత్తు పెంచితే ఇరుసు కిందే ఉండిపోతుంది, గేర్‌బాక్సు పైకి పోతుంది, షాఫ్ట్ వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే క్రాసులు ఎక్కువ వంగి తిరగాలి. అక్కడ వణుకు పుడుతుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ లేపాలన్న ఆత్రంలో కాగితం మీద షాఫ్ట్ గీయడమే మరిచిపోయాను.

రెండు రోజులు వాదించాను. ఆయన రెండున్నర అంగుళాల దగ్గర ఆగాడు. అంతకు మించితే షాఫ్ట్ పొడవు చాలదు, క్రాసు బతకదు అన్నాడు. వాగులో బండలు నాలుగు అంగుళాలుంటే అన్నాను. "బండను సూసి నడుపు. కండ్లున్నయి గదా" అన్నాడు.

ఆ పని నేర్పిన వారం రోజులే నా అసలు చదువు. మీలో జీపు కింద పడుకున్నవాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి చిన్నగా చెబుతాను. కమాన్లకు, అంటే ఇరుసు మీది పట్టీ స్ప్రింగులకు, వాటిని చట్రానికి కలిపే షాకిళ్లు పొడవువి వేసి బండిని లేపాక, వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే హౌసింగ్ మూతి కొంచెం నేల చూపు చూసింది. అప్పుడు మేస్త్రి ఇంట్లోకి వెళ్లి ఒక వస్తువు తెచ్చాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆయన నా కంపాస్ బాక్సులోంచి అడిగి తీసుకుని తిరిగి ఇవ్వని కోణమానిని. దాని మధ్య రంధ్రంలోంచి దారం, దారానికి ఒక చిన్న నట్టు. ఆ ప్లాస్టిక్ బిళ్లను గేర్‌బాక్సు మూతికి ఆనించి, నట్టు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, దారం ఏ గీత మీద నిలిచిందో చూశాడు. తర్వాత హౌసింగ్ మూతి దగ్గర.

"గేర్‌బాక్స్ మొఖం ఎంత కిందికి చూస్తాందో, హౌసింగ్ మొఖం గంతే మీదికి చూడాలె. వంగితే తప్పు కాదు పిల్లా. రెండు దిక్కుల ఒక్క తీరు వంగాలె. ఈడ పుట్టిన వణుకును ఆడ మింగాలె."

కమానుకూ ఇరుసుకూ మధ్య వాలుగా అరగదీసిన ఇనుప బిళ్లలు పెట్టాడు. అరగదీయడం, పెట్టడం, దారం చూడటం, తీయడం, మళ్లీ అరగదీయడం. నేను ఫోన్‌లో కోణం చూపించే యాప్ పెట్టి చూపించాను. రెండూ ఒకటే చెప్పాయి. "నీ ఫోన్ గూడ మంచిగనే చదువుకున్నది" అన్నాడు.

ఆ తర్వాత చేసిందే ఈ కథకు ముఖ్యం. షాఫ్ట్ ఒకే ముక్క కాదు, ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ముక్కలు. విడదీసి మళ్లీ కలిపేటప్పుడు ఎలా పడితే అలా కలిపితే రెండు చివర్లా క్రాసుల్ని పట్టుకునే చెవులు ఒక వరుసలో ఉండవు. అప్పుడు కోణాలు ఎంత సరిగ్గా ఉన్నా, ఇక్కడ పుట్టిన వణుకును అక్కడ మింగదు, రెట్టింపు చేస్తుంది. అందుకని కలిపిన చోట రెండు ముక్కల మీదా, ఎదురెదురుగా, ఎర్ర పెయింటుతో ఒక్కో చుక్క పెట్టాడు. పెయింటు పెట్టే ముందు ఆ రెండు చోట్లా పంచ్‌తో చిన్న గుంట పడేలా దెబ్బ వేశాడు.

పెయింటు ఉండగా దెబ్బ ఎందుకని అడిగాను.

"పెయింట్ కండ్లకు. దెబ్బ వేలికి. కన్ను మోసపోతది గని వేలు మోసపోదు. ఇగో, గుర్తు పెట్టందే ఏదీ ఇప్పకు. గుర్తు చూడందే ఏదీ బిగియ్యకు."

ఇనుప స్టాండ్లు ఇరుసు కింద పెట్టి, వెనక చక్రాలు నేలను వదిలేలా ఎత్తి, అత్తమ్మను పిలిచాడు. అత్తమ్మకు బండి నడపడం రాదు. కానీ షెడ్డు వేసినప్పటి నుంచీ ఆయన కింద పడుకుంటే పైన కూర్చుని యాక్సిలరేటర్ తొక్కడం వచ్చు. చేతికి పిండో పసుపో అంటుకుని ఉండగానే వచ్చి కూర్చునేది. నన్ను చున్నీ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. ఇద్దరం షాఫ్ట్‌కు దూరంగా, పక్కకు పడుకుని చూశాం. షాఫ్ట్ తిరగడం మొదలైంది. చుక్కలు సాగి సాగి రెండు ఎర్ర గీతలైపోయాయి. సన్నగా, పక్కపక్కనే, ఊగకుండా.

"నిలబడ్డదా?" అని పైనుంచి అత్తమ్మ అడిగింది.

"నిలబడ్డది, తీసెయ్" అన్నాడు ఆయన. ఆమె కాలు తీసింది. గీతలు మళ్లీ చుక్కలయ్యాయి.

ఆ వానాకాలమంతా జీపు అరవైలో కూడా నిద్రపోతున్నట్టు వెళ్లింది. వాగులో ఒక్కసారీ తగల్లేదు.

దసరాకు ముందురోజు అమ్మ జీపు కడిగింది. ఎత్తు పెరిగింది కదా, సులువుగా కిందికి దూరింది. షాఫ్ట్ మీద ఎర్ర చుక్క కనిపించింది. మేస్త్రి బండికి బొట్టు పెట్టాడనుకుంది. ఒంటి బొట్టు బాగుండదని, కుంకుమైతే వాగు నీళ్లకు పోతుందని, సీటు కింద ఆయన ఉంచిన పెయింటు డబ్బాయే తీసి, షాఫ్ట్ తిరిగేలా నాన్నతో బండిని కాస్త కాస్త తోయించుకుంటూ రెండు ముక్కల మీదా ఇంకో రెండేసి బొట్లు పెట్టింది. ముగ్గు వేసినంత కొలతగా, సమాన దూరంలో.

పండుగ సాయంత్రం మేస్త్రి జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. నాన్న చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుని, అలవాటుగా వంగి బండి కిందికి చూశాడు. పగలబడి నవ్వాడు.

"ఏంది అక్కా, షాఫ్ట్‌కు పెండ్లి జేసినవా?"

అమ్మ సిగ్గుపడింది. పండుగ కాగానే అవి గీకేద్దాం అన్నాడు మేస్త్రి. నేను ఆ పక్కనే దండ వేసిన జీపుకు ఫొటోలు తీసుకుంటున్నాను. సగం విన్నాను. ఆ వారమే చలి మొదలై ఆయనకు ఆయాసం ఎక్కువైంది. షెడ్డు తలుపు సగమే తెరిచేవారు. గీకడం ఆయన మరిచిపోయాడు. నాకు తెలిసి ఆయన మరిచిన పని అదొక్కటే.

కార్తీకంలో షాఫ్ట్ దగ్గర కిచకిచ మొదలైంది. క్రాసులో గ్రీజు ఎండి అరిగిపోయిందని తెలిసిపోయింది. కొత్తగూడెం వెళ్లి క్రాసు తెచ్చి, మా వాకిట్లో నేనే మార్చాను. ఎలాగూ విప్పాను కదా అని రెండు ముక్కలూ విడదీసి లోపల గ్రీజు పెట్టాను. మళ్లీ కలిపేటప్పుడు గుర్తు చూశాను. చుక్క ఎదురుగా చుక్క వచ్చింది. చుట్టూ తిప్పి చూస్తే మూడు చుక్కలకు మూడు చుక్కలూ కలిశాయి. మిగతా రెండూ మామే తర్వాత పెట్టి ఉంటాడనుకున్నాను. ఇంత బాగా కలిసిందని మురిసిపోయాను. మామకు వెళ్లి చెప్పాలి, నేనే మార్చిన అని, అనుకున్నాను.

మర్నాడు ముప్పై దాటగానే జీపు వణికింది.

ఎనిమిది రోజులు వెతికాను. చక్రాల నట్లు చూశాను. టైర్లు బ్యాలెన్స్ చేయించాను. గేర్‌బాక్సు కింది రబ్బర్లు మార్చాను. లేపినందువల్లే వచ్చిందనుకుని కోణాలు పదిసార్లు కొలిచాను. ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కసారి షాఫ్ట్ చివర్ల చెవులు వరుసలో ఉన్నాయా అని చూసి ఉంటే అయిపోయేది. చూడలేదు. చుక్కలు కలిశాయి కదా.

తట్టాల్సిన తలుపు మూడిళ్ల అవతల ఉంది. ఆయనకు ఒంట్లో బాగాలేదు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అని చెప్పుకున్నాను. అబద్ధం. నేనే మార్చి నేనే చెడగొట్టానని చెప్పుకోవడానికి సిగ్గు.

తొమ్మిదో రోజు పొద్దున ఏడు గంటలకు అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. మేస్త్రికి ఊపిరి ఆడటం లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దగ్గరలో ఉన్నది అప్పటికే ఒక కాన్పు మనిషితో భద్రాచలం దారిలో ఉంది, ఇంకోటి రావడానికి సమయం పడుతుందన్నారు. ఇంటి ముందు జీపు ఉంది. ఎదురుచూడటం కంటే నయమనుకున్నాం. మధ్య సీట్లో ఆయన్ని కూర్చోబెట్టి, అత్తమ్మ పట్టుకుంది.

ఖమ్మం యాభై కిలోమీటర్లు. అరవైలో పోతే గంట లోపు. నేను నలభైకి తీసుకెళ్లాను. జీపు నిలువెల్లా వణికింది. ఆయన తల అత్తమ్మ భుజానికి టపటపా కొట్టుకుంది. అదురుకు దగ్గొచ్చి, దగ్గుతో ఉన్న ఊపిరీ పోయేలా ఉంది. ముప్పైకి దించాను. మళ్లీ నలభైకి పెంచాను. మళ్లీ దించాను. బస్సులు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. మోపెడ్ మీద పాలక్యాన్లతో పోతున్న మనిషి చాలాసేపు మా పక్కనే వచ్చాడు.

అద్దంలో చూశాను. మేస్త్రి కాళ్లు చెప్పుల్లోంచి బయటికి తీసి నేలకు ఆనించి ఉన్నాడు. ఎప్పుడు తీశాడో. కళ్లు మూసుకుని ఉన్నాడు.

"షాఫ్ట్ ఇప్పినవా?" అన్నాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి.

"అవ్ మామా. క్రాస్ మార్చిన."

"గుర్తు?"

"చూసిన. చుక్కకు చుక్క కలిపిన."

ఆయన అరచెయ్యి జారి కింద రేకుకు ఆనింది. నిద్రలోకి పోయాడేమో అనుకున్నాను.

"ఏ చుక్కకు?"

నాకు అర్థం కాలేదు. చుక్కకు అంటే చుక్కకే కదా. మనిషికి సోయి తప్పుతోందని భయం పుట్టింది. ఆయన మళ్లీ కూడదీసుకుని, "ఆపు. నాలుగు బోల్టులు. పావుగంట" అన్నాడు. పానల సంచి నా సీటు వెనకే ఉంది. అత్తమ్మ ఏడుస్తూ "ఆపకు బిడ్డా, గాయన మాట వట్టుకోకు, పోనియ్యి" అంది.

నేను ఆపలేదు.

"ఖమ్మం పోయినంక చూస్త మామా" అన్నాను. ఆయన చెయ్యి చాపి నా సీటు వెనక పెట్టుకున్నాడు. ఆ అరచెయ్యి ఖమ్మం వచ్చేదాకా నా వీపుకు తగులుతూనే ఉంది. బండి వణుకు ఆయన చేతిలోంచి నాలోకి వస్తోందా, నా వణుకు ఆయనకు పోతోందా తెలియలేదు. దవాఖానా గేటు దగ్గర గడియారం చూస్తే బయల్దేరి గంటా యాభై నిమిషాలైంది.

లోపలికి తీసుకెళ్లాక డాక్టరు ఏమీ తప్పు పట్టలేదు. నేనే అడిగాను, గంట ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని. ఆయన "చెప్పలేం" అన్నాడు. ఆయన నిజాయితీగానే చెప్పి ఉంటాడు. ఉండేది అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఉండేది కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ మాట నన్ను ఎటూ పోనివ్వలేదు. ఇప్పటికీ పోనివ్వడం లేదు.

రెండో రోజు నన్ను లోపలికి పంపించారు. మూతికి మాస్కు. మాట రాదు. నన్ను చూడగానే కుడిచెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించాడు. బొటనవేలితో చిటికెన వేలు నొక్కి పట్టి, మూడు. నేను ఆలోచించాను. గేరు గురించి అడుగుతున్నాడనుకున్నాను.

"అవ్ మామా, మూడో గేర్‌లనే తెచ్చిన" అన్నాను.

ఆయన నా వైపు చూసి, వేళ్లు దించేసి, నవ్వినట్టు కళ్లు ముడిచాడు. అది నవ్వు అనే అనుకుంటాను. ఆ మర్నాడే అత్తమ్మ ఫోన్.

శవాన్ని వ్యాన్‌లో పంపారు. అత్తమ్మ అందులో ఎక్కింది. వెనకే రా బిడ్డా అంది. పది నిమిషాల్లో ఆ వ్యాన్ నా కంటికి కనిపించకుండా పోయింది. నేను ముప్పైలో వచ్చాను. నేను చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి గంట దాటింది. ఎవరో ముసలాయన "పాడె ఎప్పుడు లేపుతరు?" అని అడుగుతున్నాడు. ఎండాకాలమంతా నేను ఆ మాటే పట్టుకుని తిరిగాను. లేపాలి, ఇంకా లేపాలి అని. ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను. చివరికి పాడె లేపినప్పుడు బయటికొచ్చి చూస్తే నలుగురూ ఒక్క తీరుగా అడుగేస్తున్నారు. ఎత్తు సమానంగా ఉంది. నేను అదే చూస్తున్నాను, ఆయన మొహం కాదు.

ఎనిమిది రోజులు నాకు అన్నం సయించలేదు. ఎవరు ఏమన్నా రెండు మాటలే చెవిలో. ఏ చుక్కకు. అమ్మ వచ్చి తల నిమిరితే, ఆయన చివర్లో సోయి లేకుండా మాట్లాడాడు అని చెప్పాను. అలా అనడం సులువు.

ఎనిమిదో రోజు రాత్రి నిశ్చయించుకున్నాను. ఈ జీపును దించేస్తాను. షాకిళ్లు తీసి పారేస్తాను, బిళ్లలు తీసి పారేస్తాను, ఎట్లా కొన్నామో అట్లా చేసి అమ్మేస్తాను. వాగు దాటాల్సిన వాళ్లు ఎట్లా దాటితే అట్లా దాటుతారు. తెల్లవారి అత్తమ్మను అడిగి షెడ్డు తలుపు తీసుకుని, ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, షాఫ్ట్ విప్పడానికి కిందికి దూరాను. పాన వేశాక చెయ్యి ఆగింది. గుర్తు పెట్టందే ఏదీ ఇప్పకు.

అమ్మేసే బండికి గుర్తెందుకు. అయినా చెయ్యి వినలేదు. మట్టిలో పాత చుక్కలు కనిపించడం లేదు. కిరసనాయిలు గుడ్డతో షాఫ్ట్ తుడిచాను. ఒక ముక్క మీద చుక్కను తుడుస్తుంటే వేలికి చిన్న గుంట తగిలింది. పంచ్ దెబ్బ. పెయింట్ కండ్లకు, దెబ్బ వేలికి. ఎదుటి ముక్క మీద చుక్కను తడిమాను. నున్నగా ఉంది. చక్రం తిప్పి రెండో చుక్క తడిమాను. గుంట అక్కడుంది.

షాఫ్ట్‌కు పెండ్లి అని దసరా నాడు ఆయన నవ్వింది, నేను సగమే విన్నది గుర్తొచ్చింది. ఆయన చుక్కకు ఎదురుగా అమ్మ బొట్టు కలిపాను.

మూడు వేళ్లు. మూడు చుక్కల్లో ఏది అని. నేను మూడో గేర్ అన్నాను.

ఎంతసేపు అక్కడే పడుకున్నానో తెలియదు. అత్తమ్మ వచ్చి కాళ్లు చూసి పిలిచింది. బయటికి వచ్చి, నల్లటి చేతులతోనే, అంతా చెప్పాను. మామకు సోయి ఉండె అత్తమ్మా, సరిగ్గానే అడిగిండు, ఆపి ఉంటే పావుగంటలో అయిపోయేది, అరవైలో పోయేవాళ్లం, గంటలో ఖమ్మంలో ఉండేవాళ్లం అని. అమ్మ పెట్టిన బొట్టు సంగతి చెప్పేటప్పుడు, ఈ మాట అమ్మకు చెప్పొద్దు అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి అమ్మకు నేనే చదివి వినిపించాను. ఆమె ఇంకా మాట్లాడలేదు.

అత్తమ్మ గోడకు ఆనుకుని విన్నది. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆపకు అన్నది నేను గదా" అంది. "ముప్పై ఏండ్ల సంది గాయన మాట విన్న. గా ఒక్క దినం వినలే."

తర్వాత షెడ్డులోకి నడిచి, మేకుకు వేలాడుతున్న కోణమానినిని సర్దింది. అది వంకరగా ఏమీ లేదు. దారం నిటారుగానే ఉంది. ఊరికే సర్దింది.

"ఇప్పు" అంది. "మంచిగ బిగియ్యి. అమ్ముడు తర్వాత."

గేర్‌బాక్సు వైపు నాలుగు బోల్టులు. షాఫ్ట్ దించి, రెండు ముక్కలూ విడదీసి, ఈసారి కళ్లు మూసుకుని వేలితో వెతికి గుంట ఎదురుగా గుంట తెచ్చి కలిపాను. చివర్ల చెవులు వరుసలోకి వచ్చాయి. మళ్లీ ఎక్కించి బిగించాను. ఫోన్‌లో చూసుకున్నాను. పావుగంట కూడా పట్టలేదు.

చున్నీ తీసి తలుపుకు వేశాను. అడగకుండానే అత్తమ్మ వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పి కింద పెట్టడం కనిపించింది. నేను ఇంజన్ స్టార్ట్ చేసి, గేర్ వేసి ఇచ్చి, వచ్చి ఆయన పడుకునే చోటుకు ఇవతలగా, పక్కకు పడుకున్నాను. అమ్మ బొట్లు నేను గీకేయలేదు. ఆమె కాలు తొక్కింది. చుక్కలు కదిలాయి, పరుగెత్తాయి, సాగాయి. ఆయన చుక్క ఏదో, అమ్మ బొట్టు ఏదో తెలియకుండా రెండు ఎర్ర గీతలైపోయాయి. పక్కపక్కనే, సన్నగా. కొంచెం కూడా చెదరలేదు.

"నిలబడ్డదా?" అని పైనుంచి అత్తమ్మ అడిగింది.

చెప్పాలి. చెబితే ఆమె కాలు తీసేస్తుంది. నేల మీద చెంప ఆనించి, ఆ గీతల్నే చూస్తూ ఉండిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు. కాలు తీయనూ లేదు.